మట్టి మీద ఆట

విశ్వవిద్యాలయ మహిళా హాకీ జట్టు చరిత్ర అనగానే కప్పులూ ఫోటోలూ వెదుకుతారు. నేను మాత్రం నేలను చూడమంటాను.

నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో వెలసింది. ఆ ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్సులో హాకీని మొదటిసారి కృత్రిమ పచ్చిక మీద ఆడించారు. అంటే గుంటూరు సీమకు సొంత జట్టు వచ్చేనాటికే మట్టి మీద ఆటకు కాలం చెల్లుతోందన్నమాట. పురుషులు 1908లోనే ఒలింపిక్సులో హాకీ ఆడారు. స్త్రీలకు ఆ అవకాశం 1980లో గాని రాలేదు. మాస్కోలో నాలుగో స్థానం పొందిన మన స్త్రీలు మళ్ళీ ఆ గడప తొక్కింది 2016లో!

నల్లరేగడి సంగతి మనవారికి చెప్పనక్కరలేదు. వానకు కాలికి అంటుకుంటుంది, ఎండకు నెరియలు విచ్చుతుంది. నేను పాఠం చెప్పిన పిల్లలు కొందరు అలాంటి నేల మీదే ఆట నేర్చారు. నెరియ మీద పడ్డ బంతి ఎటు ఎగురుతుందో తెలియదు గనుక, దాన్ని ఆపడమే సగం విద్య. తీరా అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు వెళితే, తడిపిన టర్ఫు మీద అదే బంతి నేలనంటి దూసుకుపోయింది. ఓడివచ్చిన పిల్లలను చూసి, "ఆడపిల్లలకు హాకీ ఎందుకు?" అన్నారు పెద్దమనుషులు. వారిలో సాహిత్యాభిమానులూ ఉన్నారు. మిరపకోతల్లో రోజంతా నడుం వంచే స్త్రీని చూసినప్పుడు వీరికి ఆ 'ఎందుకు' గుర్తు రాదు కాబోలు.

చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన ఎతిమరపు రజని గోల్‌కీపరై, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో నిలిచింది. మా పిల్లలకు డిగ్రీతోనే ఆట ముగిసేది. మూడేళ్ళకో జట్టు చెదిరిపోయేది. వెళ్ళేవాళ్ళు తమ కర్రలు కొత్తవాళ్ళకు ఇచ్చిపోయేవారు.