నీటి వంతు

నాకు ఇంగ్లీషు రాదన్న సంగతి మా బి.యస్సీ. తృతీయ సంవత్సరం తరగతిలో రహస్యమేమీ కాదు. పరీక్షల్లో సమీకరణాల నడుమ రాసే నాలుగు వాక్యాలతో ఎలాగో నెట్టుకొచ్చినవాణ్ణి. అటువంటి నన్ను ఈ ఏడు ఉద్యోగాల శిక్షణ తరగతిలో పదిమందితో గుండ్రంగా కూర్చోబెట్టి, కంపెనీ పెద్దల మధ్య కలహం గురించి గ్రూప్ డిస్కషన్ చేయమన్నారు. ఇచ్చిన ఉదాహరణ టాటా సన్స్. 2016 అక్టోబరు 24న ఆ సంస్థ బోర్డు ఛైర్మన్ సైరస్ మిస్త్రీని తప్పించి, రతన్ టాటాను తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయి, 2021 మార్చిలో టాటాల పక్షాన తేలింది. మావాళ్ళు ‘పవర్ స్ట్రగుల్’ అన్నారు, ‘బోర్డ్‌రూమ్ కూ’ అన్నారు, ‘అట్ లాగర్‌హెడ్స్’ అన్నారు. నేను పది నిమిషాలూ మౌనవ్రతం పాటించాను.

మాష్టారు నవ్వలేదు. ఓ కాగితం మీద పాతిక మాటలు రాసిచ్చి, వచ్చేవారం నువ్వొక్కడివే ఐదు నిమిషాలు మాట్లాడాలి అన్నారు.

గ్రంథాలయంలో లావుపాటి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు నవ్వొచ్చింది. తనను ‘లేమ్ డక్’ ఛైర్మన్‌ని చేశారని మిస్త్రీ వాపోయాడు గదా, ఆ కుంటిబాతు పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ షేర్ల బజారులో బాకీ తీర్చలేనివాడికి పెట్టిన పేరట. ‘ఔస్ట్’ అన్న మాట కంపెనీలది కానే కాదు. భూమి మీద నుంచి మనిషిని వెళ్ళగొట్టడానికి కోర్టులవాళ్ళు వాడిన మాట. నేల తగాదాల్లో నుంచి వచ్చిందన్నమాట, మనదే!

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ‘రైవల్’. సినిమా హీరోకి విలన్ లాంటివాడనుకునేవాణ్ణి. లాటిన్‌లో ‘రైవస్’ అంటే వాగు. ఒకే వాగు నీటిని వాడుకునే ఇద్దరు మనుషులు ఒకరికొకరు ‘రైవాలిస్’. అంతే. శత్రువన్న అర్థం తరువాత వచ్చి చేరింది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకో తరువాత చెబుతాను.

రెండో రోజు చిరాకు పుట్టింది. ఈ మాటల్లో సగానికి కర్త కనబడడు. ఎవరు తీసేశారో చెప్పకుండా ‘వాజ్ రిప్లేస్డ్’ అనవచ్చు. తోసేసినా ‘స్టెప్డ్ డౌన్’ అనవచ్చు, ఆయనే మెట్టు దిగి వచ్చినట్టు. 2023 నవంబరులో ఓపెన్ ఏఐ బోర్డు శామ్ ఆల్ట్‌మన్‌ని తీసేస్తూ, ఆయన బోర్డుతో ‘కన్సిస్టెంట్లీ క్యాండిడ్’గా లేడు అన్నది. ఏం దాచాడో చెప్పలేదు. ఐదు రోజులు తిరక్కుండా ఆయన మళ్ళీ ఆ కుర్చీలోకే వచ్చాడు! మా ఊళ్ళో ఇట్లా మాట్లాడితే ఊరుకోరు. “ఎవడ్రా తీసింది? ఏం చేశాడని?” అని రచ్చబండ దగ్గరే తేల్చేస్తారు. పెద్ద కంపెనీలవాళ్ళది పిరికి భాష, మాది నిక్కచ్చి భాష అని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఐదు నిమిషాల ప్రసంగానికి అదే ముగింపు అనుకున్నాను.

ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు.

మాది సాగర్ కుడికాలువ కింద, మైనరు చివరి ఊరు. నీళ్ళు వంతుల మీద వస్తాయి. బాబాయి చేను పైన, మాది కింద. రెండేళ్ళ క్రితం వరి పొట్టమీదుండగా ఓ రాత్రి మా వంతు. నాన్న భోజనానికి ఇంటికెళ్ళాడు, టార్చిలైటు పుచ్చుకుని నేను కాపలా. ఉన్నట్టుండి బోదెలో నీళ్ళు సన్నబడ్డాయి, ఆగిపోయాయి. పైకి వెళ్ళి చూసినవాణ్ణి కాను. తూము వైపు బాబాయి లైటు కదలడం కనబడింది, అంతే. ఇంటికి పరుగెత్తి “నాన్నా, బాబాయి నీళ్ళు కట్టేశాడు” అన్నాను.

నిక్కచ్చి భాషే. కర్త ఉన్నాడు, కర్మ ఉంది, క్రియ ఉంది.

నాన్న పార పట్టుకుని వెళ్ళాడు. బాబాయి ఏదో చెప్పబోయాడు. ఎవరు వింటారు? ఇద్దరూ అనరాని మాటలు అనుకున్నారు. చుట్టుపక్కల చేలవాళ్ళు వచ్చి విడదీశారు గాని లేకపోతే ఏమయ్యేదో. ఆ రోజు నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. నాయనమ్మ నెల ఇక్కడ, నెల అక్కడ. పిన్ని పండక్కి అరిసెలు పంపడం మానేసింది.

తెల్లవారి నేను తూము దగ్గరకెళ్ళాను. గట్టు మీద గుర్రపుడెక్క కుప్ప, ఇంకా తడారలేదు. తూముకు అడ్డం పడ్డదాన్ని ఎవరో రాత్రి లాగి ఒడ్డున వేశారు. ఎవరో ఏమిటి, ఆ సమయంలో అక్కడున్నది ఒక్క బాబాయే. చూసి, ఇంటికొచ్చి, చద్దన్నం తిని, బస్సెక్కి కాలేజీకి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

‘నీళ్ళు ఆగిపోయాయి’ అంటే సరిపోయేది ఆ రాత్రి. కర్త లేని వాక్యం. నేను చూసింది అంతవరకే.

మర్నాడు తరగతిలో మాట్లాడాను. ఐదు నిమిషాలు అనుకున్నది మూడే అయింది. నోటుబుక్కులో రాసుకున్న ముగింపు చదవలేదు. ‘రైవల్’ గురించి చెప్పి కూర్చున్నాను. క్రియలు చాలా తప్పుపోయాయి గాని మాష్టారు తలూపుతూ విన్నారు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు బాబాయి మిరపచేలో మందు కొడుతున్నాడు. గట్టు దాటి వెళ్ళాను. గుర్రపుడెక్క సంగతి చెప్పాను. ఆయన ట్యాంకు దింపి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“తీసింది నేనేగదరా. ఆ రాత్రి అదే చెప్పబోయా, మీ నాన్న వింటేగా” అన్నాడు. కాసేపటికి, “మీ నాన్నకు చెప్పావా?” అని అడిగాడు.

“ఇంకా లేదు బాబాయ్.”

“చెప్పు మరి” అని ట్యాంకు మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

పండుగ మూడు రోజులూ నాన్న ఎదురుగానే ఉన్నాడు. నోరు పెగల్లేదు. ఈ సంచిక అచ్చయి రాగానే ఒక ప్రతి ఇంటికి తీసుకుపోతాను. నాన్న ఐదో తరగతి దాకా చదివాడు. తెలుగు కూడబలుక్కోకుండా చదువుతాడు.