ప్రేమయు గడపయు

ఇప్పటి కన్యలు మిక్కిలి మక్కువతో చదువు ఆంగ్లనవలలలో ఒక తెగ గలదు. అందు నాయకుడు మనుష్యుడు కాడు. రక్తము త్రాగు పిశాచమో, తోడేలుగా మారగలవాడో, మన యక్షులను కొంత పోలిన ‘ఫే’ జాతివాడో అయి యుండును. రక్తపిశాచమును వారు వాంపైరు అందురు. నాయిక మాత్రము మనవంటి మానవస్త్రీయే. తన్ను చంపగల బలవంతుని ఆమె వలచును. వాడు తన ఆకలి నణచుకొని ఆమెను వలచును. ఇట్టి పుస్తకములు పిల్లల చేత జూచి పెద్దలు “ఇవేమి పాడుకథలు!” అని విసుగుకొందురు. నేను వానిని కొన్నిటిని ఓపికతో చదివితిని. పిశాచములకన్న భయపడవలసినది వానిలో వేరొకటి గలదని నాకు తోచినది.

ఈ కథలకు వెనుకటి చరిత్ర కొంత గలదు. 1819లో వెలువడిన పోలిడోరి కథలో రక్తపిశాచము గొప్ప కులీనుడై సభలలో తిరుగుచుండును. ఒక యువకుడు వాని గుట్టెరిగియు, నోరు విప్పనని యిచ్చిన మాటకు కట్టుబడి యూరకుండును. ఆ యువకుని చెల్లెలినే వాడు పెండ్లాడి చంపును. ఇంటివారి మౌనమునకు ఆడుబిడ్డ బలియైనదన్నమాట. 1897లో స్టోకరు రచించిన ‘డ్రాకులా’లో ఒక కట్టుబాటు గలదు. ఇంటివారిలో నెవరైన పిలిచినగాని ఆ పిశాచము తొలిసారి గడప దాటజాలదు. ఒకమారు పిలిచినచో పిమ్మట ఇచ్చవచ్చినట్లు రాగలదు. ఇందలి హెచ్చరిక ఆడుపిల్లలుగల యే తల్లికి తెలియనిది?

2005లో స్టెఫనీ మేయరు అను అమెరికా రచయిత్రి ‘ట్వైలైట్’ ప్రకటించెను. 2008 నాటికి ఆ కథ నాలుగు నవలలుగా ముగిసెను. వాషింగ్టను రాష్ట్రమందలి ఫోర్క్స్ అను చిన్న యూరు దాని రంగస్థలము. నాయిక బెల్లా పదునేడేండ్ల పిల్ల. నాయకుడు ఎడ్వర్డు 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో చావనుండగా వాంపైరుగా మార్చబడినవాడు. అతడు మనుష్యరక్తము ముట్టడు. మృగముల రక్తముతో ప్రాణము నిలుపుకొనును. ఆ నిగ్రహమును మెచ్చుకొనవలసినదే. కాని అతడు ఆమె యెరుగకుండ రాత్రులు ఆమె గదిలో ప్రవేశించి, నిద్రించుచున్న యామెను జూచుచు గూర్చుండును. పిలుపు లేనిదే గడప దాటరాదన్న పాత కట్టుబాటు ఇచట మాయమైనది! మూడవ నవలలో, తోడేలుగా మారు జేకబు కడకు ఆమె పోకుండుటకై ఎడ్వర్డు ఆమె బండి యంత్రములోని భాగము నొకటి తీసివేయును. పిదప తన పట్టు తానే విడిచెననుట నిజమే. ఆ జేకబు మాత్రము తక్కువ తినెనా? ఆమె వలదన్నను బలవంతముగా ముద్దిడును. వానిని కొట్టబోయి ఆమె తన చేతినే విరుగగొట్టుకొనును.

కళాశాలలో చదువుచున్న మా అమ్మాయి ఈ ఘట్టమునుగూర్చి “అతడు ఆమెను రక్షించుటకే గదా, అమ్మా, అట్లు చేసినది?” అని యడిగెను. ఆ ప్రశ్న నన్ను చాలదినములు వదలలేదు. కోరలు గలవానిని ఎవరైన గుర్తింపగలరు. రక్షణ యను పేర వచ్చు బంధనమును గుర్తించుట యెట్లు? నీ ఫోను నాకు చూపుము, ఆ స్నేహితురాలి యింటికి పోకుము, నాతో చెప్పక కాలు కదపకుము, ఇదంతయు నీమీది ప్రేమచేతనే అను భర్తలు కోరలు లేనివారే గదా! మన ధర్మశాస్త్రములు ఎనిమిది విధములగు వివాహములను చెప్పుచు, కన్యను బలిమిచే గొనిపోవుటకు రాక్షసమను పేరిడినవి. క్షత్రియుడు చేసినను ఆ పేరు మారదు. అనగా రాక్షసత్వము పుట్టుకలో లేదు, చేతలో నున్నది.

మా అమ్మాయికి నేను మాటతో బదులు చెప్పలేదు. వేరొక నవలామాలికను చూపితిని. అది సారా జె. మాస్ అను నామె 2015లో ఆరంభించినది. ఫేరా అను పేదపిల్ల అడవిలో వేటాడి తోడేలు నొకదానిని చంపును. అది తోడేలు రూపమున నున్న ఫే జాతివాడు. అందులకు శిక్షగా ఆమె టామ్లిన్ అను ఫే ప్రభువు గృహమున నుండవలసివచ్చును. క్రమముగా వానిని వలచి, వానికొరకు ప్రాణములకు తెగించును. అంతటితో కథ ముగిసినచో పదింటిలో నొకటి యగును. కాని 1740లో అచ్చైన ‘సుందరి, మృగము’ కథ పెండ్లితో తీరిపోగా, 2016లో వచ్చిన మాస్ రెండవ నవల ఆ పిదప సంగతి యడిగినది. ఆపద రాకుండుటకని టామ్లిన్ ఆమెను ఇంటిలోనే బంధించును. ఆమె యూపిరాడక తల్లడిల్లును. వేరొక స్త్రీ వచ్చి వెలికి తెచ్చినపిమ్మట ఆమె అతనితోడి వివాహమును వలదనుకొనును. మొదటి పుస్తకమున ప్రేమగా కనబడినదే రెండవదానిలో చెరయై కనబడును. ఇవి వయసు వచ్చినవారికే తగిన శృంగారవర్ణనలు గల పుస్తకములు. చిన్నపిల్లల కిచ్చుటకు ముందు తల్లులు చదివి చూడవలయును.

సోదరీమణులారా! పుస్తకమును లాగికొన్నచో పిల్ల దానిని చాటుగా చదువును. దగ్గర గూర్చుండి చదివినచో మనము ఒక్క ప్రశ్న నేర్పవచ్చును: తలుపు గడియ ఎవరి చేతిలో నున్నది? లోనికి వచ్చువాడు అడిగి వచ్చెనా? బయటికి పోదలచినపుడు ఆమె పోగలదా? ఈ రెంటికి సరియైన జవాబు దొరకిన యెడల నాయకుడు తోడేలైనను ఆ కథకు నేను భయపడను. దొరకనియెడల అతడు చదువుకొన్న సౌమ్యుడైనను నా బిడ్డ నీయను. ఇదే ప్రశ్న కన్నవారమగు మనలను, అత్తవారిని కూడ అడుగదగినది. మన రక్షణకును గడియ లోపలివైపుననే యుండవలయును.