అందిందా?

1996 జనవరి 4, ఫిలడెల్ఫియా
ఇవాళ పంపేశాను, యూజ్‌నెట్‌లో తెలుగువాళ్ళ గ్రూపు ఎస్‌సీఐటీకి. అమ్మమ్మ దంపుళ్ళ పాట, ఆవిడకి గుర్తున్నంతవరకు. తరవాతి చరణాలు ఎవరింట్లోనైనా ఉన్నాయా అని అడిగాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. టకి పెద్ద టీ, తకి చిన్న టీ. ళకి పెద్ద ఎల్. కొడుతుంటే తెల్లారింది.

జనవరి 6
ఏమీ లేదు. నా పోస్టు నాకు కనిపిస్తోంది, దాని కింద ఎవరూ లేరు. పైన కట్నాల మీద తగువు, తెగేలా లేదు.
ల్యాబ్‌లో సీనియర్ అన్నాడు: "నీకు కనిపించడం లెక్కలోకి రాదు. అది మన సర్వర్‌లో కాపీ. గేటు దాటిందో లేదో వేరే సంగతి."
ఎంత దూరం పంపాలని ప్రోగ్రాం అడిగినప్పుడు వరల్డ్ అనే కొట్టాను. కొట్టాననే అనుకుంటున్నా...

జనవరి 8
మంచు ఆగింది. 30 అంగుళాలు దాటిందట. ఈ ఊళ్ళో ఇంత ఎప్పుడూ పడలేదట. వీధిలో కార్లు లేవు, గుట్టలే.
ఫోన్ లైను మాత్రం ఉంది. మిస్క్ డాట్ టెస్ట్‌కి ఒక ముక్క పంపాను. పంపినవి చేరుతున్నాయో లేదో చూసుకోడానికే ఆ గ్రూపు ఉంది. ఎవరూ ఏమీ మాట్లాడరు, టెస్ట్ అని కొట్టి పోతారు. సబ్జెక్టులో ఇగ్నోర్ అని పెడితే మెషిన్లు జవాబివ్వవు.
నేను పెట్టలేదు. ఆ మాట నా చేత్తో నేనెందుకు రాస్తాను?

జనవరి 9
వచ్చాయి! జర్మనీ నుంచి, స్వీడన్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి. మీ ఆర్టికల్ ఇక్కడికి చేరింది అని. నా హెడర్లు నాకే తిప్పి పంపాయి. పాత్ అనే లైనులో ఏయే మెషిన్ల మీదుగా వెళ్ళిందో వరసగా ఉంది, పేరుకీ పేరుకీ మధ్య ఆశ్చర్యార్థకం. కుడి నుంచి ఎడమకి చదవాలి. కుడి చివర మేము. ఊరూరా తపాలా ముద్ర పడ్డ కవరులా ఉంది.
1979లో డ్యూక్ యూనివర్సిటీ కుర్రాళ్ళిద్దరికి వచ్చిన ఆలోచనట ఈ యూజ్‌నెట్ అంతా. మొదట్లో ఒక మెషిన్ ఇంకోదానికి ఫోన్ చేసి మూట అందించేదట.
జవాబిచ్చిన వాటిలో ఒక్క మనిషీ లేడు. అయినా ఎంత సంతోషమేసిందో.

జనవరి 11
దారి బాగానే ఉందంటే, పాట చేరే ఉంటుంది. చేరింది, చూశారు, పక్కకి జరిగారు. తెలీకముందే నయం.
సీనియర్ కాదంటాడు. ఏ గ్రూపులు తెచ్చుకోవాలో ఏ సర్వర్‌కి ఆ సర్వర్ ఇష్టమట. టెస్ట్ గ్రూపు తెచ్చుకున్నవాళ్ళు తెలుగు గ్రూపు తెచ్చుకోకపోవచ్చట. మళ్ళీ మొదటికొచ్చింది.
తెలుగు గ్రూపులోనే టెస్ట్ అని కొట్టి చూస్తే? తిడతారు. తిట్టినా పోనీ, అందినట్టు తెలుస్తుంది.
కొట్టలేదు. అది మాట్లాడుకునే చోటు.

జనవరి 17, రాత్రి
ఎన్టీ రామారావుగారు పోయారు. గ్రూపులోనే చూశాను. హైదరాబాద్‌లో అప్పటికి 18 తెల్లవారుజాము. నిజమేనా, నిజమేనా అని ఒకటే పోస్టులు. ఎవరో ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని రాశారు.
అమ్మమ్మకి ఆయన కృష్ణుడే. మా ఊళ్ళో ఫోన్ పోస్టాఫీసు పక్కింట్లో. లైను కలవట్లేదు.

జనవరి 18
నిద్ర లేదు. చిన్నప్పుడు బండి కట్టుకుని మాయాబజార్‌కి వెళ్ళడం గురించి ఒకాయన రాశాడు. దారిలో ఎద్దు కుంటిందనీ, వాళ్ళ నాన్న ఆటకి ఆలస్యమవుతుందని దిగి కాడి పట్టుకు నడిచాడనీ. ఏడ్చాను. మళ్ళీ చదివాను. ఏం రాయాలో తోచలేదు.
ఆయన అక్కడ తన పోస్టు కింద ఖాళీ చూసుకుంటూ ఉంటాడు. ఇక్కడొకత్తి చదివి ఏడ్చిందని ఏ పాత్ లైను చెప్తుంది?

జనవరి 19
ఆయనకి మెయిల్ పెట్టాను. రెండే వాక్యాలు. చదివానని, వాళ్ళ నాన్న కళ్ళముందు కనిపించారని.

జనవరి 25
నా పాట మా సర్వర్‌లో లేదు. ఎక్స్‌పైర్ అయింది. డిస్కులో చోటు కావాలిగా, పాతవి తీసేస్తారు. ఇక ఎవరికి అందాలి?

జనవరి 27
కెనడా నుంచి మెయిల్! వాళ్ళ సర్వర్‌లో ఇంకా ఉందట. ఆయన ప్రింటు తీసి భార్యకిచ్చారట. ఆవిడ చెప్తుంటే ఆయన కొట్టారు.
"అమ్మాయీ, నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. మాది తెనాలి వైపు. మీ అమ్మమ్మగారు ఆడపడుచుని తిట్టే చోట మా అత్తగారు మరిదిని తిట్టేవారు. పోటు పోటుకీ ఊపిరి వదిలే చోటు రాయలేదేం? అది లేకపోతే పాట నడవదమ్మా."
రెండు చరణాలు ఇచ్చారు. ఊపిరి వదిలే చోటల్లా చుక్కలు పెట్టించారు. ఆఖరిది గుడివాడలో వాళ్ళ ఆడపడుచుకి వచ్చునట. కంప్యూటరూ లేదు, ఫోనూ లేదు, ఉత్తరమే రాయాలి. అడ్రసు పంపుతానన్నారు.
అమ్మమ్మకి ఇవాళే రాయాలి, పెద్దక్షరాలతో. ఆడపడుచా, మరిదా? ముందు అదడగాలి.