అమ్మ కంచంలో కార్జం ముక్క

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మామూలుగా అయితే పొద్దున నాలుగు గుడ్ మార్నింగ్‌లు, రెండు దేవుడి ఫొటోలు వస్తాయి, అంతే. పోయిన వానకాలంలో ఒక రోజు మాత్రం రాత్రి పదకొండు దాకా ఫోన్ మోగుతూనే ఉంది. అమ్మ రక్తపరీక్ష రిపోర్టు అక్క అందులో పెట్టింది. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి.

వెంటనే గ్రూపులో రెండు పార్టీలు తయారయ్యాయి. చిన్నమ్మది ఆకుకూరల పార్టీ. "పాలకూరల చికెన్ కంటే మూడింతల ఐరన్ ఉంటదట, రోజూ పెట్టున్రి" అని ఒక పచ్చటి పోస్టర్ ఫార్వర్డ్ చేసింది. బావది చికెన్ పార్టీ. "ఆకులు తింటే రక్తం పడుతదా? వారానికి రెండుసార్లు నాటుకోడి తెప్పియ్యి" అన్నాడు. హైదరాబాద్‌లో రూమ్‌లో కూర్చొని ఇద్దరికీ తీర్పు చెప్పే పని నేను నెత్తిన వేసుకున్నా. సాఫ్ట్‌వేర్ వాడికి ఏ కష్టం వచ్చినా ముందు తెరిచేది ఎక్సెలే కదా.

మాది రుద్రంగి. పేరు వినగానే జగపతిబాబు సినిమా గుర్తొచ్చేవాళ్లకు ఒక మాట: మా ఊరు రాజన్న సిరిసిల్ల జిల్లాలో, కోరుట్ల నుంచి వేములవాడ పోయే దారిలో ఉంటుంది. మా వైపు చాలా ఇళ్లల్లో మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు బీడీల చాట ముందు. మా ఇల్లూ అంతే. బాపు పదిహేడేళ్లు దుబాయ్‌లో చేసి వచ్చాడు. అమ్మకు నలభై ఆరు, ఇప్పటికీ బీడీలు చుడుతుంది.

లెక్కల కోసం పోస్టర్లను పక్కన పెట్టి, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పట్టికలు తీశా. 2017లో వేసిన ఆ పుస్తకంలో మనం తినే 528 రకాల తిండికి లెక్కలున్నాయి. తోటకూర నుంచి కోడి కార్జం దాకా అన్నీ విడివిడిగా.

మొదటి రౌండ్ బావదే. తోలు తీసిన చికెన్ వంద గ్రాములకు ఇరవై గ్రాముల దాకా ప్రొటీన్. పాలకూరలో రెండు గ్రాముల పైన కొంచెం. అంటే వంద గ్రాముల చికెన్‌కు సాటి రావాలంటే దాదాపు కిలో పాలకూర తినాలి. మేకలకైతే ఓకే. పైగా బి12 విటమిన్ ఆకుకూరల్లో ఉండదు. అది మాంసం, గుడ్డు, చేప, పాల నుంచే రావాలి.

రెండో రౌండ్ చిన్నమ్మది. చికెన్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము అటూఇటూ. పాలకూరలో మూడు, తోటకూరలో నాలుగున్నర పైన. పోస్టర్ అబద్ధం చెప్పలేదన్నమాట! తోటకూరలో కాల్షియం 330 మిల్లీగ్రాములు, చికెన్‌లో దాని ముందు చెప్పుకోదగ్గంత లేదు. ఫోలేట్, పీచు, విటమిన్ సి అన్నిట్లో ఆకులదే పైచేయి.

కానీ కంచంలో ఉన్నదంతా రక్తంలోకి పోదు. ఆకుల్లో ఉండే ఐరన్ ఒక రకం, దాన్ని మన పేగులు చాలా తక్కువగా పీల్చుకుంటాయి. మాంసంలో కొంత ఐరన్ హీమ్ అనే రూపంలో ఉంటుంది, అది తేలిగ్గా ఒంటికి పడుతుంది. ఆకుల్లోని కాల్షియందీ అదే కథ. పాలకూర, తోటకూరల్లో ఉండే ఆక్సలేట్లు దాన్ని సగం దారిలోనే పట్టేసుకుంటాయి. అమ్మ వయసు ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని అదే సంస్థ 2020లో చెప్పింది. మగవాళ్లకు 19 చాలు. చిన్న గిన్నెడు చికెన్ తిన్నా, ఒక కట్ట తోటకూర తిన్నా ఆ 29కి ఎంత దూరంలో ఉంటామో చూడండి.

రంగులు వేసి, గ్రాఫ్ పెట్టి షీట్ గ్రూపులో వేశా. ఒక్కరూ తెరవలేదు. చిన్నమ్మ బొటనవేలు ఎమోజీ పెట్టింది.

ఆ శనివారం రాత్రి బస్సెక్కి ఇంటికి పోయా. ఐతారం పొద్దున బాపు కిలో బాయిలర్ కోడి తెచ్చాడు. మేం ఎనిమిది మందిమి. అమ్మ వండింది, అమ్మే వడ్డించింది. ముందు బాపు, బావ, నేను. తర్వాత అక్క పిల్లలు. తర్వాత నాయినమ్మ, అక్క. ఇన్నేళ్లుగా చూస్తున్నదే. ఆ రోజు మాత్రం తిన్నాక లేచి పోకుండా అక్కడే కూర్చున్నా. అందరిదీ అయినంక అమ్మ గంజు దగ్గరికి లాక్కొని అందులోనే అన్నం కలుపుకుంది. గంజులో మెడ ముక్క ఒకటి, రెండు బొక్కలు, అంచుకు అంటుకున్న పులుసు.

"ముక్కలు లేవు కదా అమ్మా."

"నాకు పులుసు చాలు బిడ్డా. ముక్కలు నమిలితే పండ్లు గుంజుతయి."

పండ్లు గుంజుతయట! ముందు రోజు రాత్రి కాల్చిన మక్కకంకి కొరికి తిన్న మనిషి.

నా షీట్‌లో అన్ని గడులూ "వంద గ్రాములకు" అనే ఉన్నాయి. అమ్మకు వారంలో దొరుకుతున్న చికెన్ వంద గ్రాములు కాదు, యాభై కూడా కాదు. సోమవారం రాజన్న వారం, నీసు ముట్టదు. శనివారం ముట్టదు. శ్రావణంలో నెలంతా ముట్టదు. ఆ నియమాలతో నాకు గొడవ లేదు. పప్పు, ఆకుకూర గట్టిగా తింటే ఆ రోజులు గడిచిపోతాయి. కానీ ఆ రోజుల్లో అమ్మ తినేది పచ్చిపులుసు, తొక్కు. ఒక్కదాని కోసం ప్రత్యేకంగా కూరెందుకని.

ఆకులైనా ఉన్నాయా అంటే అదీ తగ్గింది. నాయినమ్మ చెప్తుంది, కలుపుకు పోయినవాళ్లు పొద్దుగూకి ఒడి నిండా గంగవాయిలి కూర, గునుగు ఆకు తెంపుకొచ్చేవాళ్లట. బతుకమ్మలో పేర్చే గునుగే, లేతగా ఉన్నప్పుడు కూర. ఇప్పుడు చేనంతా గడ్డిమందు కొడుతున్నారు. కలుపూ లేదు, కూరా లేదు. ఎక్కడన్నా ఒకటి మొలిచినా తెంపడానికి భయం. ఊరికే దొరికిన ఆకు ఇప్పుడు కట్టలెక్క కొనాలి. కొన్నది మళ్లీ బాపు కంచం నుంచే మొదలవుతుంది.

ఇంకోటి, చాయ్. తినగానే చాట ముందు కూర్చుంటూ అమ్మ ఒక గ్లాసు చాయ్ తాగుతుంది. గంట గంటకూ మళ్లీ ఇంకో గుక్క. చాయ్‌లో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ను పట్టుకొని ఒంటికి పట్టనీయవు. అందుకే 2024లో భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన ఆహార సూచనల్లో తిండికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దన్నారు. తినేదే అంతంత, అందులో మళ్లీ చాయ్ వాటా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో దేశం మొత్తం మీద 57 శాతం మందికి రక్తం తక్కువ. తెలంగాణలో 57.6. దేశంలో అదే వయసు మగవాళ్లలో 25 శాతం. నెలసరి, కాన్పులు ప్రధాన కారణమే, కాదనను. కానీ గంజు అడుగు చూసినంక ఆ అంకెలు నాకు వేరేగా కనిపించాయి.

ఇక కార్జం సంగతి. పట్టికలో కోడి కార్జం వరుస చూసి నేనే ఆగిపోయా. వంద గ్రాములకు తొమ్మిది మిల్లీగ్రాముల దగ్గర ఐరన్, తేలిగ్గా ఒంటికి పట్టేది. బి12, ఫోలేట్ కూడా దండిగా. (గర్భిణులు మాత్రం ఎక్కువ తినొద్దు, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ.) ఒక కోడికి వచ్చేది చిన్న కార్జం. మా ఇంట్లో అది ఎప్పుడూ నాదే. టెన్త్‌లో, ఇంటర్‌లో, ఇంజనీరింగ్ సెలవుల్లో, అమ్మ గంటెతో వెతికి మరీ నా కంచంలో వేసేది. "కార్జం తింటే రక్తం పడుతది, తిను, పరీక్షలున్నయి."

అంటే అమ్మకు తెలుసు. నా ఎక్సెల్ కంటే పదిహేనేళ్ల ముందే తెలుసు. తెలిసే నాకు వేసింది. పక్కనే అక్క కూర్చొని ఉండేది. నా కంటే రెండేళ్లు పెద్దది, అప్పటికే నెలసరి మొదలైంది. ఆ ఇంట్లో ఆ ముక్క నా కంటే ఎక్కువ అవసరం ఉన్నవాళ్లు ఇద్దరుండేవాళ్లు. అక్కను అడిగితే నవ్వింది. "నేనడిగిన ఒకసారి. మగపిల్లగాడు, చదువుకుంటుండు అన్నది. నేను టైలరింగ్ చేస్తున్ననా అప్పుడు?" అక్క కూడా ఇంటరే చదువుతుండె.

ఆ పూట నాకు నోట మాట రాలేదు.

డాక్టర్ ఇచ్చింది ఐరన్ గోళీలు. 8.4 ఉన్నప్పుడు చికెన్, ఆకుకూరలతోనే సరిచేస్తామంటే కుదరదని గట్టిగానే చెప్పారు. గోళీ చాయ్‌తో వేసుకోవద్దన్నారు. మేం ఇంట్లో మార్చింది చిన్నదే. ఐతారం కూర దించగానే ముందు అమ్మ గిన్నె నిండాలి. మొదటిసారి నేనే వడ్డిస్తే నాయినమ్మ "గిదేం చోద్యమురా, ఇంటాయన తినకముందే" అంది. బాపు ఏమనలేదు. లేచి పోయి చేతులు కడుక్కొని, అమ్మ తినేదాకా గడప మీద కూర్చున్నాడు.

చిన్నమ్మకూ బావకూ రాజీ పుంటికూర చికెన్‌తో కుదిరింది. మాంసం పక్కన ఉంటే ఆకుల్లోని ఐరన్ కూడా మామూలు కంటే ఎక్కువ ఒంటికి పడుతుంది. పుంటికూరలో విటమిన్ సి వండితే చాలావరకు పోతుంది కాబట్టి తినేముందు నిమ్మకాయ పిండమని అక్కకు చెప్పా. పుల్లటి కూరలో మళ్లీ నిమ్మకాయేంటని బావ ఇప్పటికీ తిడుతున్నాడు. సోమవారాలు తోటకూర పప్పు, నిమ్మరసం. చాయ్ మాత్రం పూర్తిగా ఓడిపోలేదు. గంట ఆగమంటే ముప్పావుగంటకు వచ్చింది బేరం.

మూడు నెలలకు 10.7 వచ్చింది. గొప్పంతా గోళీలదే కావచ్చు.

పోయిన ఐతారం వీడియో కాల్ చేస్తే అందరూ తింటున్నారు. "కార్జం తిన్నవా అమ్మా?" అన్నా. అమ్మ ఫోన్ తన కంచం మీదికి తిప్పింది. కార్జం సగమే ఉంది. మిగతా సగం అక్క బిడ్డ కంచంలో.

"పిల్లకు పరీక్షలున్నయిరా" అంది అమ్మ.