నల్లరాళ్ల సాక్ష్యము

కూలిన కట్టడమును మరల నిలుపబూనువారికి రెండు చిక్కులు గలవు. శిథిలమును శిథిలముగనే యుంచినచో గతమునకు మ్రొక్కుటయే మిగులును. సర్వమును క్రొత్తగా గట్టి మెరుగు పెట్టినచో జరిగిన చెరుపు మరుగుపడును. ఈ రెంటి నడుమ నొక త్రోవ వెదకిన మందిరము జర్మనీ దేశమున, ఎల్బే నదీతీరమునందలి డ్రెస్డెన్ నగరములో గలదు. దానిని ఫ్రావెన్‌కిర్షె యందురు; మేరీమాత పేర వెలసిన చర్చి యని భావము.

దీని పుట్టుకయే గమనింపదగినది. సాక్సనీ ప్రభువగు ఆగస్టసు పోలండు సింహాసనము గోరి 1697లో రోమను కాథలిక్ మతమును స్వీకరించెను. నగరవాసులు మాత్రము లూథరు మతమును విడువలేదు. ప్రాతచర్చి జీర్ణింపగా నగరసభవారు 1726లో క్రొత్తదానికి పునాది వేయించిరి. ఆ పని కేర్పడిన గేయోర్గ్ బేర్ నగరసభ కొలువులోని వడ్రంగి మేస్త్రి. రాజు మతము మారినను ఊరి విశ్వాసము మారలేదని యీ మందిరము చాటినది.

బరోకు శైలి యనగానే బంగారుపూతయు, మేఘములపై దేవదూతలును స్మరణకు వచ్చును. ఇచట నవియు గలవు. కాని నాకు ముఖ్యముగా దోచునది లోపలి యమరిక. గుండ్రని మండపము చుట్టును అంతస్తులుగా వసారాలు. జనులు బోధకునికి చేరువగా గూర్చుండి వినుట కనువైన యేర్పాటు. వాక్యశ్రవణమే ఆరాధనకు ప్రాణమని నమ్మినవారు తమ నమ్మికకు దగినట్లు గట్టుకొనిరి. పైన ఎనిమిది సన్నని స్తంభములపై సుమారు 12,000 టన్నుల రాతిగుమ్మటము. కర్రతో గట్టి రాగిరేకు తొడుగుట మొదటి యాలోచన. రాయియే కావలెనని బేర్ పట్టుబట్టెను. గంటవలె నుండుటచే జనులు దానిని రాతిగంట యనిరి. 1736లో బాఖ్ ఇచటి ఆర్గనుపై వాయించెను. 1738లో బేర్ మరణించెను. 1743లో గాని పని ముగియలేదు. 1760లో ప్రష్యావారి ఫిరంగులు ఆ గుమ్మటమును గూల్పజాలవయ్యెను.

ఫిరంగులకు లొంగనిది నిప్పునకు లొంగెను. జర్మనీ తాను రేపిన యుద్ధాగ్ని తన యింటికే వచ్చినది. 1945 ఫిబ్రవరి 13, 14 తేదీలలో బ్రిటిషు, అమెరికను విమానములు నగరముపై బాంబులు గురిపించెను. సుమారు 25,000 మంది మృతి నొందిరి. మంటలలో గాగిన స్తంభములు 15వ తేదీ యుదయమున విరిగి గుమ్మటము నేలగూలెను. నలువదేండ్లకు పైగా అచట రాళ్లగుట్ట యుండెను. తూర్పు జర్మనీ పాలకులు దానిని యుద్ధస్మారకముగ నుంచిరి. 1982 మొదలు ఏటేట యువకులు ఆ రాళ్లకడ క్రొవ్వొత్తులు వెలిగించి మౌనముగ నిలిచిరి.

1990లో కొందరు పౌరులు పునర్నిర్మాణమునకై లోకమును యాచించిరి. గుట్టయే నిజమైన సాక్షి, దానిని గదల్పరాదని వాదించినవారును గలరు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. తుదకు 1993లో రాళ్లను తీయ నారంభించి, ఒక్కొక్కదానిని గొలిచి, గుర్తు వేసి, కంప్యూటరు సాయమున దాని పూర్వస్థానమును వెదకిరి. చెడని రాళ్లను వేలకొలదిగా మరల గోడల కెక్కించిరి. అందుచే లేతవన్నె క్రొత్తరాళ్ల నడుమ ప్రాతరాళ్లు నల్లగా గానవచ్చును. వ్యయము సుమారు 18 కోట్ల యూరోలు. సగమునకు మించి దాతలిచ్చినదే. శిఖరముపై శిలువ చేసిన లండను స్వర్ణకారుని తండ్రి 1945లో ఆ నగరముపై బాంబులు వేసిన వైమానికులలో నొకడు. వంకరపోయిన ప్రాతశిలువను లోపల నుంచిరి. 2005 అక్టోబరు 30వ తేదీని మందిరప్రతిష్ఠ జరిగెను.

మన యూళ్లలో జీర్ణోద్ధరణము పేర శాసనాక్షరములపై సున్నము పూయుట చూచినప్పుడెల్ల నా కీ నల్లరాళ్లు జ్ఞప్తికి వచ్చును. ఆచారములను దిద్దునప్పుడును ఇంతే: బలమున్నదానిని నిలుపుకొనవలెను, పగిలినదానికి బదులు క్రొత్తది పెట్టవలెను, ఏది యేదో కనబడనీయవలెను. పగులును గప్పిపుచ్చిన సంస్కరణము తరువాతి తరమును మోసగించును.

అయినను రాయికిని ఒక గడువు గలదు. ఆ దేశపు టిసుకరాయి కాలక్రమమున దానంతట నల్లబడును. కొన్ని తరములు గడచినచో క్రొత్తరాళ్లును ప్రాతవానితో గలిసిపోవును. అప్పుడు జరిగినది చెప్పవలసినవారు మనుష్యులే.