రేకు ఎక్కడ ఆగుతోంది?

హైదరాబాదు నుంచి వరంగల్ పోయే దారిలో, జనగామ ఇంకా రాకముందే పెంబర్తి తగులుతుంది. కాకతీయుల కాలంలో గుడి రథాలకు, విగ్రహాలకు లోహపు తొడుగులు చేసిన విశ్వకర్మల ఊరు. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరు డబ్బాలు కూడా చేశారు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనకోడలిని వెంటబెట్టుకుని ఒక చిన్న కార్ఖానాకు వెళ్లాను.

ఇత్తడి రేకును కొలిమిలో కాల్చి మెత్తబరిచారు. కరిగించిన లక్క పరిచిన పలక మీద దాన్ని అతికించి, చల్లారాక పెద్దాయన ఉలి అందుకున్నాడు. కొడుతున్న కొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. అప్పుడు రేకును లక్కలోంచి ఊడదీసి మళ్లీ కాల్చాలి, మళ్లీ అతికించాలి. లోతైన నగిషీ అయితే ఇది పదేపదే జరగాల్సిందే. అమ్మాయి గడియారం చూస్తూ రాసుకుంటోంది.

"నా చెయ్యి జల్దీ నడుస్తలేదని రాస్తున్నవా బిడ్డా?"

"లేదు తాతా, రేకు ఎక్కడెక్కడ ఆగుతోందో రాస్తున్నా."

టయోటాలో తైచీ ఓనో లెక్కగట్టిన ఏడు వృథాల్లో ఎదురుచూపు ఒకటి. నగిషీకి పట్టే సమయం వృథా కాదు, కొనేవాడు డబ్బిచ్చేది దానికే. ఇలాంటి వృథాలను తీసేసే పద్ధతినే లీన్ అంటారు. ఆ పేరుతో నగిషీ చేసే చేతిని తొందరపెట్టేవాళ్లను కార్ఖానా గడప తొక్కనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఒక కొలిమి, రెండు పలకలు, ముగ్గురు పనివాళ్లతో సిమ్యులేషన్ కట్టింది. ఒక్కో పనికి తక్కువలో తక్కువ ఎంత పడుతుంది, ఎక్కువలో ఎక్కువ ఎంత అన్నది ఇచ్చింది. సగటు వేస్తే కాగితం మీద అంతా సరిపోతుంది, కొలిమి దగ్గరి వరుస అందులో కనబడదు. వంద రోజుల పని నిమిషంలో తెర మీద నడిచింది. నాలుగో మనిషిని కలిపితే వరుసే పెరిగింది. మూడో పలక కలిపితే ఉలి ఆగడం తగ్గింది. ఒక్క రేకు కూడా పాడవలేదు.

పక్కనే ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం చేసిందీ ఇలాంటి పనే. నేతకు ముందు నూలు చుట్టడానికి చీరకు తొమ్మిది వేల సార్లు చేయి తిప్పే ఆసు పోత తల్లి భుజాన్ని తినేస్తుంటే దానికి యంత్రం కట్టాడు. నేత మాత్రం నేతగాడి చేతిలోనే ఉంది.

చిన్న పరిశ్రమల కోసం కేంద్రం 2023 మార్చిలో లీన్ పథకం తెచ్చింది. అమలుకు తోడ్పడే సలహాదారుల ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుందని అప్పుడు ప్రకటించింది. ఆ మాట చెబితే పెద్దాయన కాగితాల సంగతి తర్వాత చూద్దామని, ముందు పలక కొలతలు అడిగాడు. ధ్వజస్తంభం తొడుగు పని ఒకటి చేతిలో ఉంది, మూడో పలకను దానికే పెట్టి చూస్తారట.