వెంటిలేటర్‌కి కొట్టిన అట్ట

మాది ఆదిలాబాద్. చలికాలంలో మా ఊరి పేరు పేపర్లో కనిపించిందంటే అది ఉష్ణోగ్రత వార్తే అయ్యుంటుంది. కొన్ని రోజులు పొద్దున పది డిగ్రీల కిందికి దిగుతుంది. అలాంటప్పుడు సెలవులకి ఇంటికి వెళ్తే నాకు మెలకువ వచ్చేది అలారంతో కాదు, బాత్రూంలోంచి వచ్చే చప్పుడుతో. "టక్ టక్ టక్ టక్..." తర్వాత ఒక్కసారిగా "బుస్స్". గ్యాస్ గీజర్ అంటుకుందన్నమాట. నాన్న స్నానానికి వెళ్ళాడన్నమాట.

మా ఇల్లు తాత కట్టిన పెంకుటిల్లు. తాత ఉన్నప్పుడు పెరట్లో పొయ్యి మీద ఎప్పుడూ ఒక కాగు ఉండేది. కట్టెలతో ఉడుకు నీళ్ళు. పొగంతా ఆకాశంలోకి పోయేది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వెనక వరండాలో ఒక మూల గోడ పెట్టి బాత్రూం చేశారు. కరెంటు గీజర్ పెడదామంటే ఎలక్ట్రీషియన్ మా వైర్లు చూసి నవ్వాడు. "సార్, ఈ వైరు మీద గీజర్ పెడితే ముందు నీళ్ళు కాదు, గోడ కాగుతది" అన్నాడు. అందుకని గ్యాస్ గీజర్ వచ్చింది. నల్లా తిప్పితే వెంటనే వేడి నీళ్ళు, కరెంటు పోయినా వేడి నీళ్ళు. మా ఇంటికి అది అప్పట్లో పెద్ద వైభవం.

పదేళ్ళు అలాగే నడిచింది. సర్వీసింగ్ అనే మాట దానికి ఎవరం వాడలేదు. రెండు బ్యాటరీ సెల్లులు మార్చడమే దానికి చేసిన సేవ. ముందు ఉన్న చిన్న రంధ్రంలోంచి మంట కనిపించేది. మొదట్లో నీలంగా ఉండేది, తర్వాత్తర్వాత పసుపుగా మారింది. "దీపం లెక్క మంచిగ కొడ్తుంది" అనేది మా చెల్లె. నేను కూడా చూశాను. అప్పటికి నేను మెకానికల్ మూడో సంవత్సరం. పసుపు మంట అంటే ఇంధనం సరిగ్గా మండట్లేదని ఎగ్జామ్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

అమ్మకి శుక్రవారం శుక్రవారం తలనొప్పి వచ్చేది. శుక్రవారం తలస్నానం, మధ్యాహ్నానికి తలనొప్పి. తడి తల ఆరక అని నానమ్మ, సైనస్ అని నాన్న, నిద్ర చాలక అని అమ్మే. మొన్న దీపావళి సెలవుల్లో నేను ఇంకో కారణం కనిపెట్టాను. బాత్రూం పైన ఉన్న వెంటిలేటర్ జాలీలోంచి చల్లగాలి నేరుగా తల మీదికి వస్తోంది, అందుకే నొప్పి. కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఉంటే కొలిచి కోసి, నాలుగు మేకులు కొట్టి, అంచులకి టేప్ అంటించాను. గాలి రాలేదు. "ఇంజనీరింగ్ చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అని అమ్మ మురిసిపోయింది.

భోగి రోజు.

భోగి అంటే తెలుసుగా, తెల్లారకముందే అందరూ వరసగా తలంటు. ముందు నాన్న, తర్వాత నేను, తర్వాత అమ్మ. అమ్మ బయటికొచ్చి "కళ్ళు తిరుగుతున్నట్టుంది, నూనె వాసనకేమో" అని కూర్చుంది. ఆ తర్వాత చెల్లె వెళ్ళింది. పదో తరగతి పిల్ల, జుట్టు ఎక్కువ, ఆలస్యం చేస్తుందని తెలిసిందే. కాసేపటికి మగ్గు కింద పడ్డ చప్పుడు. ఎవరం పట్టించుకోలేదు. నల్లా నీళ్ళు ఆగకుండా పోతూనే ఉన్నాయి. మంట చప్పుడూ వస్తూనే ఉంది. నానమ్మే అంది, "పోరి పలుకుతలేదు, చూడుర్రి" అని.

తలుపు పాతది కావడం మా అదృష్టం. నాన్న భుజంతో రెండుసార్లు నెట్టగానే గొళ్ళెం మేకులతో సహా ఊడి వచ్చింది. లోపల చెల్లె గోడకి చేరగిలబడి ఉంది. అమ్మ దుప్పటి చుట్టింది, ముగ్గురం మోసుకొచ్చి వాకిట్లో మంచం మీద పడుకోబెట్టాం. ఆ చలిగాలిలో రెండు నిమిషాలకి కళ్ళు తెరిచింది. వాంతి చేసుకుంది. "తల పగిలిపోతుంది అన్నా" అంది. నాకు ఇప్పటికీ చెవుల్లో ఉండేది ఆ మాటే.

ఆస్పత్రిలో నర్సు వేలికి క్లిప్ పెట్టింది. 98 చూపించింది. "ఆక్సిజన్ 98 ఉంది, భయం లేదు" అని నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. డాక్టర్ గారు మాత్రం ఆ అంకె వైపు చూడనే లేదు. మూడే ప్రశ్నలు అడిగారు. "ఇంట్లో గ్యాస్ గీజరా? బాత్రూం లోపలే ఉందా? గాలికి కిటికీ ఉందా?"

మొదటి రెంటికీ నాన్న అవునన్నాడు. మూడోదానికి అందరూ నా వైపు చూశారు.

"ఉండేది సార్" అన్నాను.

డాక్టర్ చెప్పింది ఇది. గ్యాస్‌కి సరిపడా గాలి దొరక్కపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే తెలియాలని ఎల్పీజీలో వాసన కలుపుతారు. కానీ మండాక వచ్చే ఈ వాయువుకి ఆ వాసన ఉండదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే మామూలు క్లిప్ ఆ తేడా కనిపెట్టలేదు, అందుకే 98 అని చూపిస్తుంది. మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఇస్తే అది త్వరగా వదులుతుంది. కొన్ని గంటలు మాస్క్‌తో ఉంచారు, అమ్మకి కూడా. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

రాత్రి అందరూ పడుకున్నాక నోట్‌బుక్ తీశాను. ఈ లెక్క నేను దీపావళికే వేసి ఉండాల్సింది. మీరూ వేసి చూడండి, ఇంటర్నల్స్ లెక్క కంటే సులువు.

నిమిషానికి 6 లీటర్ల నీళ్ళు, 25 డిగ్రీలు వేడెక్కాలి. అంటే నిమిషానికి దాదాపు 630 కిలోజౌళ్ళు. గీజర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే సుమారు 17 గ్రాముల గ్యాస్. ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్. ఏదైనా సరే, కిలో పూర్తిగా మండటానికి 15 కిలోలకు పైగా గాలి కావాలి. ఆ లెక్కన నిమిషానికి 220 లీటర్ల గాలి. మా బాత్రూం 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. అందులో పట్టే గాలి మొత్తం కలిపి 4,500 లీటర్లు. అంటే ఇరవై నిమిషాల మంటకి ఆ గదిలో గాలంతా కావాలి. అంతదాకా కూడా పోనక్కర్లేదు, ఆక్సిజన్ కొంచెం తగ్గితే చాలు, మంట చెడిపోతుంది. ఆ రోజు వరసగా నలుగురం. పైగా పదేళ్ళ మసి పట్టిన బర్నర్. ఆ గదికి ఊపిరి ఆడే ఒకే ఒక్క దారికి అట్ట కొట్టింది నేను.

మర్నాడు సంక్రాంతి. పొద్దున్నే స్టూల్ వేసుకుని అట్ట పీకేశాను. మేకులు బాగానే దిగాయి, రావడానికి టైమ్ పట్టింది. నాన్న కింద నిలబడి స్టూల్ పట్టుకున్నాడు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఇంట్లో చర్చ మొదలైంది. పాతదైంది కాబట్టే ఇలా అయింది, కొత్త గ్యాస్ గీజరే తెద్దామని నాన్న. దాన్ని బయట వరండాలో గోడకి పెట్టి, పైపు మాత్రం లోపలికి ఇస్తే నయమే. కానీ మా వరండా కూడా చలికి మూసేసిందే. సోలార్ పెడదామంటే పెంకుల మీద అంత బరువు నిలవదు. నానమ్మ మాత్రం "కాగు అటక మీదనే ఉన్నది, దింపుర్రి" అంది. చివరికి కరెంటు గీజరే అనుకున్నాం. అప్పుడు పాత ప్రశ్న మళ్ళీ వచ్చింది, వైర్లు.

15 లీటర్ల గీజర్, 2 కిలోవాట్లు. దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మా ఇంట్లో ఉన్నవి తాత నాటి సన్నటి అల్యూమినియం తీగలు. ప్లగ్గులో మూడో రంధ్రం ఉంది కానీ దాని వెనక వైరే లేదు. ఎర్తింగ్ లేని ఇంట్లో కరెంటు గీజర్ పెట్టడమంటే ఒక ప్రమాదాన్ని పంపి ఇంకోదాన్ని పిలవడమే. పాత ఇంట్లో ఒక వస్తువు మార్చాలంటే దాని వెనక గోడ దాకా, గోడ వెనక భూమి దాకా పోవాలని అప్పుడు అర్థమైంది.

నిజంగానే భూమి దాకా పోయాం. పెరట్లో గొయ్యి తవ్వి, పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేశారు. నానమ్మ చూసి "భూదేవికి ఊరగాయ పెడ్తున్నరా ఏంది" అంది. మీటర్ నుంచి గీజర్‌కి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎంసీబీ. వాటితో పాటు ఇంటి మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. కరెంటు ఎక్కడైనా లీకైతే అది వెంటనే ఆఫ్ చేస్తుంది.

ఆన్ చేయగానే అది ఆఫ్ అయింది. మళ్ళీ ఆన్, మళ్ళీ ఆఫ్. "కొత్తది పాడైందా" అన్నాడు నాన్న. పాడైంది అది కాదు. రెండు రోజులు వెతికితే వంటింట్లో గ్రైండర్ వెనక తడి గోడలో వైరు తొడుగు ఊడిపోయి ఉంది. ఆ గోడ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటదని నానమ్మ ఎన్నేళ్ళ నుంచో చెప్తోంది. ముసలావిడ, నరాల బలహీనత అనుకున్నాం. అమ్మ తలనొప్పిని సైనస్ అనుకున్నట్టే.

పెంకులు మార్పించడానికి దాచిన డబ్బులన్నీ ఈ వైర్లకే అయిపోయాయి. ఈ వానాకాలం మళ్ళీ గిన్నెలు పెట్టుకోవాల్సిందే. పాత గీజర్‌ని తెలిసినాయన అడిగాడు, "మా బాత్రూంలో కిటికీ ఉంది, నాకియ్యి" అని. నాన్న ఇవ్వలేదు. నా చేతే బర్నర్ ఊడదీయించి, పాత సామాను వాడికి తూకానికి ఇచ్చాడు.

కొత్త గీజర్‌తో బాధలు లేకపోలేదు. నీళ్ళు కాగడానికి ఇరవై నిమిషాలు ఆగాలి. ఒకరు రెండు బకెట్లు పోసుకుంటే తర్వాతివాళ్ళు మళ్ళీ ఆగాలి. కరెంటు పోతే అంతే సంగతులు. చెల్లె స్నానం ఇప్పుడు త్వరగా అయిపోతోంది. వెంటిలేటర్‌లోంచి చల్లగాలి దర్జాగా వస్తోంది.

మీలో చాలామంది ఇళ్ళల్లో, రూముల్లో గ్యాస్ గీజర్ ఉండే ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్కసారి చూడండి. బాత్రూం లోపల ఉందా, పొగ బయటికి పోయే దారి ఉందా, మంట నీలంగా ఉందా. మార్చేదాకా బకెట్లు నింపుకుని, గీజర్ ఆపేసి, గాలి మారాక స్నానానికి వెళ్ళండి. ఇంట్లో ఎవరికైనా స్నానం చేసిన రోజే తలనొప్పి వస్తుంటే తడి తల అనుకోకండి. ఎవరైనా లోపల పలకకపోతే తలుపు గురించి ఆలోచించకండి. ముందు మనిషిని గాలిలోకి తీసుకురండి.

ఉగాది దాటాక ఒక శుక్రవారం మధ్యాహ్నం హాస్టల్ నుంచి అమ్మకి ఫోన్ చేశాను. అదీ ఇదీ మాట్లాడి, చివర్లో "తలనొప్పి ఎట్లుందమ్మా" అని అడిగాను.

"ఏ తలనొప్పిరా?" అంది అమ్మ.